పీత కాలిలో అమ్మమ్మల వరస

ఒడిశాలోని చిలికా సరస్సు దక్షిణపు కొసన రంభలో పొద్దున్నే పీతల బుట్టలు దిగేటప్పుడు పక్కన నిలబడితే అన్నీ ఒకేలా కనిపిస్తాయి. గోళ్లు తాడుతో బిగించి కట్టేసి ఉంటాయి, కళ్లు మాత్రం పుల్లల మీద అటూ ఇటూ తిరుగుతుంటాయి. కాస్త వంగి చూస్తే రెండు రకాలని తేలుతుంది. ఒకటి పచ్చటి ఛాయది. కాళ్లన్నిటి మీదా తేనెపట్టు గళ్లలాంటి గీతలుంటాయి, గోటికి వెనకున్న మణికట్టు మీద బయటివైపు రెండు ముళ్లుంటాయి, రెండు కళ్ల మధ్య నుదుటి అంచున పళ్లు ఎత్తుగా లేచి ఉంటాయి. రెండోది కొంచెం చిన్నది, గోధుమరంగు ఒళ్లు, ఎర్రబారిన గోళ్లు. నుదుటి పళ్లు అరిగిపోయినట్టు గుండ్రంగా ఉంటాయి, మణికట్టు మీద ముల్లు ఉందా లేదా అన్నట్టుంటుంది. పీతలు రోజూ చేత్తో పట్టేవాళ్లకు ఈ తేడా కళ్లు మూసుకున్నా తెలుస్తుంది.

పుస్తకాలకు మాత్రం చాలాకాలం తెలియలేదు. తెలియకపోవడం కూడా కాదు, తలకిందులుగా తెలిసింది. మన దేశంలో చెరువుల రైతులు మడ్ క్రాబ్ అని పిలిచే ఈ పీతల్లో చిన్నదానికి సిల్లా సెర్రాటా అనీ, పెద్దదానికి సిల్లా ట్రాంక్వెబారికా అనీ పేర్లు పెట్టి దశాబ్దాలపాటు రాసుకుంటూ వచ్చారు. ఆ రెండో పేరు 1798లో తమిళనాడులోని తరంగంబాడి పేరు మీద వచ్చింది కాబట్టి, మన సముద్రంలో దొరికే పెద్ద పీతకు అదే సరైన పేరని అనుకోవడంలో వింతేమీ లేదు. 1998లో కీనన్, డేవీ, మాన్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు ఈ పీతల మొత్తం కుటుంబాన్ని మళ్లీ తిరగేశారు. ముళ్లూ పళ్లూ కొలవడంతో ఆగకుండా ప్రోటీన్లు పరీక్షించారు, మైటోకాండ్రియా జన్యువులు రెండు చదివారు. ప్రపంచం మొత్తం మీద ఈ ప్రజాతిలో నాలుగు జాతులున్నాయని తేల్చారు. తర్వాత మన పీతల డీఎన్ఏను వాటితో పోల్చి చూస్తే పెద్ద పచ్చ పీతే సిల్లా సెర్రాటా అయింది, ఎర్ర గోళ్ల చిన్నది సిల్లా ఒలివేసియా అయింది. ఇన్నేళ్లూ ఒకదాని పేరు మీద రాసిన ఎదుగుదల లెక్కలు, గుడ్ల లెక్కలు రెండోదానివని అర్థం. పిల్ల పీతలు కొని చెరువులో వదిలే రైతుకు ఇది పేరు గొడవ కాదు. ఏది ఎంత పెరుగుతుంది, ఎన్నాళ్లలో పెరుగుతుంది అన్న లెక్కే మారిపోతుంది.

ఈ తగువు తీర్చడంలో సాక్షిగా నిలబడింది కణంలోని ఒక చిన్న డీఎన్ఏ ఉంగరం. దాని మాట ఎక్కడ నమ్మాలి, ఎక్కడ అడ్డుప్రశ్న వెయ్యాలి అన్నది తెలిస్తే, సముద్రంలో వెన్నెముక లేని జీవుల పరిణామం గురించి ఇవాళ వచ్చే వార్తల్లో సగం వాటంతటవే అర్థమవుతాయి.

కణానికి శక్తి తయారుచేసిపెట్టే మైటోకాండ్రియాకు కేంద్రకంతో సంబంధం లేకుండా సొంత డీఎన్ఏ ఉంటుంది. ఎప్పుడో కోట్ల ఏళ్ల కింద వేరే కణంలోకి చేరి అక్కడే కాపురం పెట్టిన బ్యాక్టీరియా వారసత్వం అది. డీఎన్ఏ గొలుసులోని ఒక్కో రసాయన ముక్కను ఒక అక్షరం అనుకుంటే, టైగర్ రొయ్య కేంద్రకంలోని డీఎన్ఏ 200 కోట్ల అక్షరాలకు పైమాటే. దాని మైటోకాండ్రియల్ జీనోమ్, అంటే మైటోకాండ్రియా డీఎన్ఏ మొత్తం, 15,984 అక్షరాలు మాత్రమే. ఇంత చిన్నదానిలో సాధారణంగా 37 జన్యువులు ఇరుక్కుని ఉంటాయి. అందులో ప్రోటీన్లకు 13, ప్రోటీన్ కర్మాగారానికి కావలసిన రైబోసోమ్ ఆర్ఎన్ఏకు 2, అమైనో ఆమ్లాలను మోసుకొచ్చే టీఆర్ఎన్ఏలకు 22. మనిషిలోనూ ఇవే 37. మనిషి ఉంగరం 16,569 అక్షరాలు, దాన్ని 1981లోనే పూర్తిగా చదివేశారు. సముద్ర జీవుల వంతు త్వరగానే వచ్చింది. 1988లో ముళ్ల బంతిలా ఉండే సీ అర్చిన్ మైటోకాండ్రియల్ జీనోమ్ మొత్తం బయటికొచ్చింది.

దీనికున్న పెద్ద సౌకర్యం, ఒక్కో కణంలో వందలు వేలు కాపీలుండటం. కేంద్రకం డీఎన్ఏ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండే కాపీలు. చచ్చి రెండు రోజులైన పీత నుంచైనా, సారాయిలో ఏళ్లపాటు నానిన నమూనా నుంచైనా ఎక్కువ కాపీలున్నదే దొరికే అవకాశం ఎక్కువ. రెండో సౌకర్యం వంశానిది. మైటోకాండ్రియా గుడ్డుతోపాటు తల్లి నుంచే వస్తుంది. తండ్రి వాటా ఉండదు కాబట్టి తరతరానికీ పేకముక్కల్లా కలిసిపోవడం దాదాపు లేదు. అమ్మ, అమ్మమ్మ, ముత్తమ్మమ్మ అంటూ ఒకే దారం వెనక్కి సాగుతుంది. ఇంటిపేరు తండ్రి వైపు నుంచి వస్తే, ఈ దారం తల్లి వైపు నుంచి. 1994లో ఫోల్మర్, ఆయన సహచరులు సముద్రపు అకశేరుకాల కోసం ఒక ప్రైమర్ల జత తయారుచేశారు. ప్రైమర్లంటే కావలసిన డీఎన్ఏ ముక్కను వెతికి కాపీలు తీయడానికి వాడే చిన్న డీఎన్ఏ తునకలు. సీఓ1 అనే మైటోకాండ్రియా జన్యువులో సుమారు 700 అక్షరాల ముక్కను రకరకాల జీవుల్లోంచి అది పట్టుకురాగలదు. తర్వాత 2003లో హెబర్ట్ బృందం చిన్న డీఎన్ఏ ముక్కతో జాతిని గుర్తుపట్టే డీఎన్ఏ బార్‌కోడ్ అన్న ఆలోచన తెచ్చినప్పుడు ఆ ముక్కే దానికి ఆధారమైంది. సముద్రపు పురుగుల కోసం చేసిన పనిముట్టు ఇవాళ సీతాకోకచిలుకలకూ చేపలకూ పనికొస్తోంది.

పీతల కథలో జాతులు నిజంగానే రెండు, పేర్లే తారుమారయ్యాయి. దీనికి సరిగ్గా ఎదురు కథ రంభకు ఎంతో దూరం లేదు, రుషికుల్య నది సముద్రంలో కలిసే చోటే ఉంది.

ఏటా చలికాలం చివర, సాధారణంగా ఫిబ్రవరి మార్చి నెలల్లో, ఆలివ్ రిడ్లీ తాబేళ్లు పోడంపేట, గోఖరకుడ ఇసుక మీద మూకుమ్మడిగా గుడ్లు పెట్టడానికి వస్తాయి. గట్టెక్కిన తాబేలు డిప్ప మీద టార్చి వేస్తే తెల్లగా, రూపాయి బిళ్లంత గుండ్రంగా, మధ్యలో చిల్లుతో అంటుకుపోయినవి కొన్ని కనిపిస్తాయి. చూడ్డానికి గవ్వజాతి అనిపిస్తుంది కానీ అవి బార్నకిల్స్, అంటే రొయ్యకూ పీతకూ చుట్టాలు. పిల్లప్పుడు ఈదుకుంటూ వచ్చి, తల నేలకానించి సిమెంటు వేసుకుని, జీవితాంతం కాళ్లతో తిండి విసురుకుంటూ బతికే జీవులు. తాబేళ్ల మీద పెరిగేదానికి చెలోనిబియా టెస్టుడినేరియా అని పేరు. గోడలు మందంగా ఉంటాయి, తాబేలు ఒరుసుకుంటూ వెళ్లినా ఊడదు. సముద్రపు పీతల వీపు మీద పెరిగేది పల్చగా నున్నగా ఉంటుంది. దానికి చెలోనిబియా పాటులా అని వేరే పేరు. రెండూ వేరు జాతులని వందేళ్లకు పైగా ఎవరికీ సందేహం లేదు. 2013లో చియాంగ్ బృందం వీటి మైటోకాండ్రియా జన్యువుల్ని పక్కపక్కన పెట్టి చూసింది. రెండింటి మధ్య జాతిభేదం అనదగ్గ గీత ఎక్కడా లేదు. కేంద్రకం డీఎన్ఏ మీద చేసిన మరో పరీక్షా అదే చెప్పింది. ఇల్లు మారితే గోడ మందం మారింది, అంతే. గంజాం తీరపు జాలరిని ఒడియాలో నోలియా అంటారు, తెలుగులో వాడబలిజ అంటారు, మనిషి ఒక్కడే. ఇదీ అలాంటిదే.

ఈ రెండు కథల్లోనూ గమనించాల్సింది, చదివింది దగ్గరి చుట్టరికాన్ని అన్న సంగతి. ఒకే ప్రజాతిలో ఎవరు ఎవరన్న ప్రశ్న. ఇలాంటి ప్రశ్నకు అక్షరాలు లెక్కపెడితే చాలు, తేడాలు ఎక్కువుంటే దూరం, తక్కువుంటే దగ్గర. మరి ప్రశ్న యాభై కోట్ల ఏళ్ల వెనక్కి వెళితే? రొయ్యకు దగ్గరి చుట్టం ఎవరు, సాలీడా, జెర్రా, ఈగా అని అడిగితే? అక్కడ అక్షరాలు తడబడతాయి. ఒకే చోట అక్షరం మారి, మళ్లీ మారి, మళ్లీ మొదటికొచ్చి ఉండొచ్చు. బలపంతో రాసి, చెరిపి, రాసి, చెరిపిన పలక మీద మొదటి మాట వెతికినట్టుంటుంది. అప్పుడు పనికొచ్చేది అక్షరాలు కాదు, జన్యువుల వరస.

హౌరా–చెన్నై లైను తెలిసినవాళ్లకు దీన్ని చెప్పడం తేలిక. ఛత్రపురం, బరంపురం, ఇచ్ఛాపురం, సోంపేట, పలాస. ఇవి పెద్ద స్టేషన్లు, వీటి మధ్య ప్యాసింజర్ బండి మాత్రమే ఆగే చిన్న చిన్న హాల్టులున్నాయి. మైటోకాండ్రియా ఉంగరంలో ప్రోటీన్ జన్యువులు పెద్ద స్టేషన్లనుకుంటే, 70 అక్షరాలు కూడా ఉండని టీఆర్ఎన్ఏలు హాల్టులు. పెద్ద స్టేషన్ల వరస అంత సులభంగా మారదు. హాల్టు ఎప్పుడైనా ఒక చోటు నుంచి ఎగిరి మరో చోట పడుతుంది. ఉంగరంలో ఒక ముక్క పొరపాటున రెండుసార్లు కాపీ అయి, తర్వాత అనవసరమైన కాపీ చెడిపోయి రాలిపోతే ఇలా జరుగుతుంది. ఇద్దరు వేర్వేరు మనుషులు తమ టైంటేబుల్‌లో ఒకే హాల్టును ఒకే తప్పుడు చోట రాశారంటే, ఇద్దరూ ఒకే కాగితం చూసి రాసుకున్నారని అనుమానించడం సబబు.

1998లో బూర్, లావ్రోవ్, బ్రౌన్ సరిగ్గా ఇలాంటి హాల్టునే పట్టుకున్నారు. లూసిన్ అనే అమైనో ఆమ్లాన్ని మోసే ఒక టీఆర్ఎన్ఏ అది. ఒడిశా ఉత్తర తీరంలో బాలేశ్వర్ వైపు దొరికే గుర్రపుడెక్క పీత తెలుసు కదా, డిప్ప బోర్లించి వెనక సూదిలాంటి తోక తగిలించినట్టుంటుంది. పేరుకే పీత, నిజానికి సాలీడు, తేలు వైపు జీవి. దాని అమెరికా చుట్టంలో ఈ లూసిన్ హాల్టు తన పాత చోటే, మరో లూసిన్ హాల్టు పక్కనే ఉంది. జెర్రి, రోకలిబండ వర్గంలోనూ అక్కడే. కీటకాల్లోనూ రొయ్య, పీత వర్గంలోనూ మాత్రం అది ఎగిరి సీఓ1, సీఓ2 అనే రెండు పెద్ద స్టేషన్ల మధ్య దిగింది. అంతవరకూ పాఠ్యపుస్తకాలు కీటకాలకు దగ్గరి చుట్టాలు జెర్రులూ రోకలిబండలూ అని చెప్పేవి. ఒళ్లంతా కణుపులు, కాళ్లు, తల మీద మీసాలు, చూడ్డానికి అలాగే ఉంటుంది మరి. హాల్టు చెప్పిన మాట వేరు: కీటకాలు రొయ్యల కుటుంబం నుంచి వచ్చాయి. తర్వాత కేంద్రకంలోని వందల జన్యువులు చదివినవాళ్లూ ఇదే తేల్చారు. 2000లో మన టైగర్ రొయ్య, పీనియస్ మోనోడాన్, మైటోకాండ్రియల్ జీనోమ్ పూర్తిగా చదివితే 37 జన్యువుల వరస పండ్ల ఈగలో ఉన్న వరసే. ఒక్క హాల్టు తేడా లేదు. రొయ్యల వేపుడు లొట్టలేసుకుంటూ తిని, వంటింట్లో బొద్దింక కనిపిస్తే చీపురు కోసం పరిగెత్తేవాళ్లు కాసేపు ఆలోచించాల్సిన విషయం ఇది.

గోపాలపూర్ బీచిలో అల వెనక్కి తగ్గినప్పుడు తడి ఇసుకలో వేలెడంత జీవులు గుంపుగా పైకి తేలి, మళ్లీ వెనక్కి తవ్వుకుంటూ క్షణంలో మాయమవుతాయి. గుడ్డు ఆకారంలో నున్నగా ఉంటాయి, గోళ్లుండవు. అల తగ్గుతున్నప్పుడు ఈకల్లాంటి మీసాలు చాచి నీళ్లలోని తిండి వడగట్టుకుంటాయి. పిల్లలు వీటిని దోసిట్లో పట్టి ఆడుకుంటారు, చక్కిలిగింత పెడతాయి. మోల్ క్రాబ్ అంటారు కానీ అసలు పీతల్లో ఇవి లేవు. శంఖాన్ని ఇల్లుగా మోసుకు తిరిగే సన్యాసి పీతల వైపు చుట్టాలు. సముద్రంలో పీత రూపం, అంటే తోక పొట్ట కిందికి మడిచి ఒళ్లు వెడల్పు చేసుకోవడం, ఒకసారి పుట్టి అందరికీ వచ్చింది కాదు. వేర్వేరు కొమ్మల్లో విడివిడిగా వచ్చింది. 1992లో కన్నింగ్‌హామ్ బృందం ఒక మైటోకాండ్రియా జన్యువు చదివి, ఉత్తర సముద్రాల్లో దొరికే భారీ కింగ్ క్రాబ్ సన్యాసి పీత పూర్వీకుడి నుంచి వచ్చిందని చూపింది. పరాయి శంఖంలో దూరే వంకర పొట్ట ఉన్న జీవి వారసులు శంఖం వదిలేసి రాక్షసి పీతలయ్యాయన్న మాట. 2002లో మారిసన్ బృందం జన్యువుల వరసలో మార్పులు చూసి, పీత ఆకారం విడివిడిగా పుట్టిందన్న మాటను ఖాయం చేసింది. ఆకారం మోసం చేస్తుంది, ఒకే రకం బతుకు ఒకే రకం ఒళ్లు తయారుచేస్తుంది. టీఆర్ఎన్ఏ హాల్టు ఎక్కడుందన్నదానికి మాత్రం ఇసుకలో తవ్వుకోవడంతో పనిలేదు. అందుకే దాని సాక్ష్యానికి విలువ ఎక్కువ.

ఇంతవరకూ వింటే మైటోకాండ్రియా ఎప్పుడూ నిజమే చెబుతుందనిపిస్తుంది. జెల్లీ ఫిష్ దగ్గరికొచ్చేసరికి అసలు టెన్షన్ మొదలవుతుంది.

జెల్లీ ఫిష్, హైడ్రా, పగడాలు, సీ అనిమోన్లు అన్నీ ఒకే పెద్ద వర్గం. 1992లో బ్రిడ్జ్ బృందం వీటి మైటోకాండ్రియా డీఎన్ఏ ఆకారం చూసింది. పగడాల్లో, అనిమోన్లలో మామూలుగానే ఉంగరం. జెల్లీ ఫిష్, హైడ్రా వైపు మాత్రం ఉంగరం తెగి సాగదీసిన గీతలా ఉంది. గొడుగు జెల్లీలన్నీ ఒక కొమ్మ, పగడాలూ అనిమోన్లూ ఇంకో కొమ్మ అని దీంతో తేలింది. ఆ తీర్పు ఇప్పటికీ నిలబడింది. బాక్స్ జెల్లీల్లో ఆ గీత ఎనిమిది ముక్కలైందని తర్వాత తెలిసింది. ఒకసారి తెగాక మరీ విచ్చలవిడి అయిపోయింది పాపం.

అదే వర్గంలో ఉంగరం ఆకారం కాకుండా అక్షరాలు చదివి చెట్టు గీసినవాళ్లకు వేరే జవాబు వచ్చింది. వలల్లో చిక్కే సముద్రపు విసనకర్రలు, మెత్తటి పగడాలు ఎనిమిది చేతుల పగడాల గుంపు. మైటోకాండ్రియా అక్షరాల ప్రకారం ఇవి మిగతా పగడాల పక్కన కాక జెల్లీ ఫిష్‌ల పక్కన చేరాయి. కేంద్రకంలోని వందల జన్యువులు చదివిన పరిశోధనలు దీన్ని ఒప్పుకోలేదు, పగడాలన్నీ ఒకే గూటివన్నాయి. ఒకే సాక్షి రెండు మాటలు చెప్పింది. ఆకారం గురించి చెప్పింది నిజం, అక్షరాల గురించి చెప్పింది తప్పుదారి. కారణం ఊహించలేనిది కాదు. కొన్ని కొమ్మల్లో మైటోకాండ్రియా గబగబా మారుతుంది, కొన్నింట్లో నత్తనడక. గబగబా మారినవి ఎక్కడెక్కడివైనా ఒకదానికొకటి పోలికగా కనబడి చెట్టులో పక్కపక్కన చేరతాయి. కొన్ని జీవుల్లో అక్షరాల పాళ్లు ఒకవైపు ఒరుగుతాయి, అది కూడా లేని చుట్టరికం సృష్టిస్తుంది. పాత కాలపు ప్రశ్నకు మైటోకాండ్రియా అక్షరాలతో మాత్రమే గీసిన చెట్టు కనిపిస్తే కాస్త ఆగి చూడటం మంచిది. పగడాలకూ స్పంజికలకూ ఇంకో ఇబ్బంది కూడా ఉంది. వాటి మైటోకాండ్రియా ఎంత నెమ్మదిగా మారుతుందంటే, పీతల్ని విడగొట్టిన ఆ సీఓ1 బార్‌కోడ్ పక్కపక్క జాతుల పగడాల్ని విడగొట్టలేదు. మెత్తటి పగడాల మైటోకాండ్రియాలో డీఎన్ఏ తప్పులు దిద్దే పనికి చెందిన ఒక అదనపు జన్యువు ఉందని 1995లో కనుక్కున్నారు. మిగతా జంతువుల ఉంగరాల్లో అది లేదు. నెమ్మదితనానికి అదే కారణమా అన్న చర్చ నడుస్తోంది. మెత్తటివి కాని పగడాల్లోనూ అదే నెమ్మది ఉంది కాబట్టి ఒక్క జన్యువు మీద మొత్తం భారం వెయ్యడం తొందరపాటే.

చదివేటప్పుడు జరిగే పొరపాట్లు వేరే రకం. బరంపురంలో కొత్తగా దిగిన తెలుగువాళ్లు ఒడియా బోర్డు చూసి తికమకపడే చోటు ఒకటుంది. ఒడియా ఠ అక్షరం మన సున్నాలాగే గుండ్రంగా ఉంటుంది. గీత అదే, పలుకు వేరు. మైటోకాండ్రియాలోనూ అంతే. మామూలుగా ఏఏఏ అన్న మూడక్షరాలకు లైసిన్ అనే అమైనో ఆమ్లం అని అర్థం. సముద్ర నక్షత్రాలు, అర్చిన్‌ల మైటోకాండ్రియాలో అదే ఏఏఏకు ఆస్పరజిన్ అని అర్థం. రొయ్య మైటోకాండ్రియాలో ఏజీఏకు సెరిన్, కేంద్రకంలో అయితే ఆర్జినిన్. ఏ మూడక్షరాలకు ఏ అర్థమో చెప్పే పట్టికను కంప్యూటర్‌లో మార్చడం మరచిపోతే ప్రోటీన్ మొత్తం తప్పుల తడక అవుతుంది. ఇంకా గమ్మత్తైన పొరపాటు, మైటోకాండ్రియా ముక్కలు కొన్ని ఎప్పుడో తప్పిపోయి కేంద్రకంలో చేరి అక్కడ పనిలేకుండా పడి ఉండటం. చిటికె వేసినట్టు గోటితో టప్పుమని చప్పుడు చేసే చిటికె రొయ్యలున్నాయి. వాటిలో ఈ నకళ్లు విరివిగా ఉన్నాయని 2001లో విలియమ్స్, నోల్టన్ చూపారు. అసలు బదులు నకలు చదివితే లేని జాతి ఒకటి కాగితం మీద పుట్టుకొస్తుంది.

అమ్మమ్మల వరస అన్నది కూడా నియమమే కానీ శాసనం కాదు. మస్సెల్ అనే నల్లటి సముద్రపు గుల్లల్లో కొన్నింటికి రెండు మైటోకాండ్రియా వంశాలుంటాయి. తల్లి తన వంశాన్ని పిల్లలందరికీ ఇస్తుంది. తండ్రి తనదాన్ని కొడుకులకు మాత్రమే ఇస్తాడు, అది వాళ్ల వీర్యకణాల్లో దాక్కుని మళ్లీ వాళ్ల కొడుకులకు వెళుతుంది. 1990ల మొదట్లో ఇది బయటపడ్డప్పుడు నమ్మడానికి చాలామంది తటపటాయించారు. ఒకే గుల్ల నుంచి తీసిన రెండు వంశాల మధ్య తేడా రెండు జాతుల మధ్య తేడా కంటే ఎక్కువుండొచ్చు. మాంసం ఎక్కడి నుంచి కోశామన్నది రాసుకోకపోతే కొంప మునిగినట్టే. ఆల్చిప్పల్లో రైబోసోమ్ ఆర్ఎన్ఏ జన్యువు ఒకటి రెండు ముక్కలై వేర్వేరు చోట్ల ఉంటుంది. కాకినాడ వైపు బుడిత గుల్ల అని పిలిచే రక్తపు గుల్లకు తూర్పు ఆసియాలో ఉన్న ఒక చుట్టం మైటోకాండ్రియల్ జీనోమ్ సుమారు 47,000 అక్షరాలు, మామూలుదానికి మూడింతలు. మరో కొసన, సాల్మన్ చేప కండలో బతికే ఒక పరాన్నజీవి ఉంది. జెల్లీ ఫిష్ వర్గానిదే. దానికి మైటోకాండ్రియల్ జీనోమే లేదని 2020లో తేలింది. ఆక్సిజన్‌తో శ్వాసించడమే మానేసిన జంతువు.

కాలం లెక్క గురించి కొంచెం. మైటోకాండ్రియా గడియారంలా టిక్కుటిక్కుమంటుందని, అంటే ఒకే వేగంతో మారుతుందని తరచూ రాస్తారు. ఆ గడియారానికి కీ ఇచ్చింది పనామా. సుమారు 30 లక్షల ఏళ్ల కింద అక్కడ నేల లేచి, ఒకే సముద్రం రెండుగా విడిపోయింది. అటూ ఇటూ మిగిలిన చిటికె రొయ్యలను 15 జతలు పట్టి చూసి, 1998లో నోల్టన్, వైగ్ట్ సీఓ1లో పది లక్షల ఏళ్లకు 1.4 శాతం తేడా అన్న వేగం కట్టారు. ఆ లెక్కను ఇప్పుడు అందరూ వాడుతున్నారు. దానిలో ఉన్న మెలికను మాత్రం చాలామంది వదిలేస్తారు. 15 జతలూ ఒకేసారి విడిపోలేదు. లోతు నీళ్లలో ఉండేవి ముందే విడిపోయాయి, మడ అడవుల ఒడ్డున బతికేవి చివరిదాకా కలుస్తూనే ఉన్నాయి. ఆ వేగం ఆఖరున విడిపోయినవాటిది. బంగాళాఖాతంలో ఒక పీతకు దాన్ని యథాతథంగా తగిలించి ఫలానా లక్షల ఏళ్ల కింద పుట్టిందని రాస్తే, అది లెక్క కాదు, అప్పు తెచ్చుకున్న అంచనా.

ఈ తీరానికి ఇవన్నీ ఎందుకంటే, ఇక్కడ పాత పేర్లు చాలా ఉన్నాయి కాబట్టి. గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లోనే నెల్సన్ అనండేల్, స్టాన్లీ కెంప్ అనే జంతుశాస్త్రవేత్తలు చిలికా జీవరాశిని సర్వే చేశారు. 1915 నుంచి వరసగా అచ్చువేసిన ఆ వ్యాసాల్లో రొయ్యలు, పీతలు, స్పంజికలు, అనిమోన్లు ఎన్నో ఉన్నాయి. చిలికా నుంచే మొదటిసారి వర్ణించిన జాతులున్నాయి. అలాంటి జాతికి చిలికాయే పుట్టిల్లు. తర్వాత ఏ దేశంలో అలాంటిది దొరికినా అదీ ఇదీ ఒకటేనా అని తేల్చాలంటే పుట్టింటి నమూనా డీఎన్ఏ కావాలి. పాత సీసాల్లోవి ఫార్మలిన్ తగిలి ఉంటే డీఎన్ఏ ముక్కలై ఉంటుంది. కాబట్టి అదే ఒడ్డున అదే జీవిని మళ్లీ పట్టుకోవడమే దారి. ఇదీ అంత తేలిక కాదు. చిలికా అప్పటి చిలికా కాదు. పూడుకుపోతున్న సరస్సుకు 2000 సెప్టెంబర్‌లో సముద్రం వైపు కొత్త ముఖం తవ్వాక ఉప్పు మారింది, రొయ్య పీత రాబడి పెరిగింది, ఏ మూల ఏది బతుకుతుందన్న లెక్కే మారింది. గోపాలపూర్‌లో జూలాజికల్ సర్వే వాళ్ల కేంద్రం ఉంది, బరంపురం విశ్వవిద్యాలయంలో సముద్ర శాస్త్ర విభాగం ఉంది. పీత పట్టి ఇచ్చే చేతులు రంభ నుంచి బాహుదా నది ముఖం దగ్గరి సునాపూర్ దాకా, దాటితే ఇచ్ఛాపురం మండలం డొంకూరు దాకా ఉన్నాయి.

పని మొదలయ్యేది ఇలా. బతికున్న పీత వెనక కాళ్లలో ఒకటి కణుపు దగ్గర తీస్తారు. పీతకు కాలు మళ్లీ మొలుస్తుంది. డిప్ప చీల్చి లోపలి తెల్ల కండ మినపగింజంత తీసి, చిక్కటి ఇథనాల్ ఉన్న చిన్న సీసాలో వేస్తారు. పీతను నుదుటి పళ్లు, మణికట్టు ముళ్లు కనిపించేట్టు ఫొటో తీస్తారు. సీసాలోకి ఒక చీటీ వెళుతుంది. దాన్ని పెన్నుతో రాయరు, ఇథనాల్‌కు సిరా కరిగిపోతుంది, పెన్సిల్‌తోనే రాస్తారు. ఊరు, తేదీ, ఎంత లోతు, ఏ వల, పట్టినవాళ్లు దాన్ని ఏమని పిలిచారు. జాతి పేరు రాయాల్సిన గీత మాత్రం అప్పటికి ఖాళీగా వదిలేస్తారు.